అత్తగారి కంటి ఆపరేషన్, ఇంట్లో తవ్వకం పని, ముసలి కుక్క: ఏది ముందు పెట్టుకోవాలి?

కర్నూలు కోడలు
అందరికీ నమస్కారం. మూడు పనులు ఒకేసారి మీద పడ్డాయి. విడివిడిగా అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు, కానీ ఒకదానికి చెప్పిన సలహా ఇంకోదానికి అడ్డం వస్తోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా అత్తగారికి 74 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. కుడికన్ను ముందు చేయించుకోమన్నారు. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. రాళ్లు కనిపించడం లేదని బియ్యం ఏరడం మానేశారు. చీకటి పడితే వాకిట్లోకి కూడా దిగడం లేదు.

ఇల్లు మా మామగారు కట్టించింది. లోపలంతా బేతంచెర్ల బండలు. కింద ఉన్నది ఒకటే బాత్రూం, దాని పక్కనే అత్తగారి గది. ఆ గోడకు చెమ్మ ఎక్కి మంచం వెనక సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. మేస్త్రీ గోడ తట్టి చూసి, నేలంతా తవ్వి పైపులు మార్చక తప్పదన్నాడు. ఎలాగూ తవ్విస్తున్నాం కదా, హాలు, గదులు కూడా బండలు తీయించి టైల్స్ వేయిద్దామని మా ఆయన ఉద్దేశం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న గ్లాసీ టైల్స్ చూసొచ్చారు. మొహం కనిపించేంత మెరుపు.

ఇక జిమ్మీ. లాబ్రడార్, 12 ఏళ్లు దాటింది. లేవాలంటే ముందు కాళ్లు గట్టిగా ఊని, నడుము పైకి లాక్కుని, ఒక క్షణం ఆగి అప్పుడు నడుస్తుంది. మేడ మీద మా మరిది వాళ్ల వాటాలో టైల్స్ ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్తే వెనక కాళ్లు రెండూ చెరోపక్కకు జారిపోతాయి. కింద బండల మీద మాత్రం బాగానే తిరుగుతుంది. దాని కళ్లు కూడా నీలంగా మారాయి. "నాకైతే ఆపరేషన్ చేయిస్తారు, మరి దానికో" అని మా అత్తగారి బాధ.

ముందు కన్నా, ముందు ఇల్లా? పని జరిగేటప్పుడు వీళ్లిద్దరినీ ఎక్కడ ఉంచాలి?

సైట్ ఇంజనీర్ బాబాయ్
అమ్మా, దుమ్ము పని ముందు, కన్ను తర్వాత. ఇందులో రెండో మాట లేదు. బ్రేకర్ పెట్టి నేల పగలగొడితే లేచే దుమ్ము ఇంట్లో రోజుల తరబడి నిలిచి ఉంటుంది. తలుపు మూసినా సందుల్లోంచి వస్తుంది. ఆపరేషన్ అయిన కంటితో ఆ ఇంట్లో ఉండకూడదు.

బాత్రూం విషయంలో తొందర వద్దు. పాత నేల తీశాక పైపులు, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ మార్చి, గోడలకు ప్లాస్టరింగ్ చేసి, అది బాగా తడి ఆరాక వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించండి. నేల మీద మాత్రమే వేస్తే లాభం లేదు, గోడల మీదకు కనీసం అడుగు ఎత్తు, స్నానం చేసే వైపు ఇంకా పైదాకా రావాలి. కోటింగ్ ఆరాక ట్రాప్ మూసేసి నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు నిలబెట్టండి. మట్టం తగ్గకుండా, పక్క గది గోడకు తడి రాకుండా ఉంటేనే టైల్స్ మొదలు. చాలామంది మేస్త్రీలు ఈ పరీక్ష వదిలేస్తారు. మీరు దగ్గరుండి చేయించండి. ఇది ఒక్కటి సరిగ్గా జరగకపోతే పైన ఎంత ఖరీదైన టైల్ వేసినా రెండేళ్లలో అదే గోడకు మళ్లీ చెమ్మ.

గోడ విషయం ఇంకొకటి. పైపు మార్చిన మర్నాడే అత్తగారి గదికి పుట్టీ, పెయింట్ వేయించవద్దు. గోడ పూర్తిగా ఆరాలి, లేదంటే కొత్త రంగు కూడా ఊడిపోతుంది.

ఐ వార్డు సిస్టర్
కంటి వార్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. బాబాయ్‌గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కొన్ని వివరాలు కలుపుతాను.

శుక్లం ఆపరేషన్ ఇప్పుడు చాలామందికి ఫేకో పద్ధతిలో చేస్తారు. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని కోతలోంచి శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసి, మడిచిన లెన్స్ లోపల పెడతారు. చాలాసార్లు కుట్లు ఉండవు. ఆపరేషన్ అరగంట కూడా పట్టదు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. అందుకే జనం దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఆపరేషన్ చిన్నదే కానీ ఆ తర్వాతి జాగ్రత్త చిన్నది కాదు. కోత మానేదాకా కంట్లోకి నీళ్లు, దుమ్ము, పొగ పోకూడదు. కన్ను నలపకూడదు. బరువులు ఎత్తకూడదు. తలస్నానం ఎప్పటినుంచి అన్నది డాక్టరు చెప్పేదాకా ఆగాలి, మామూలుగా ఒకటి రెండు వారాలు. రాత్రి పడుకునేటప్పుడు కంటి మీద షీల్డు పెట్టాలి. చుక్కల మందు మెల్లమెల్లగా తగ్గిస్తూ నెల, నెలన్నర వాడాలి.

కన్ను ఎర్రబడి నొప్పి పెరుగుతున్నా, వచ్చిన చూపు మళ్లీ మసకబారుతున్నా, చీము లాంటిది కారుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. కంటి లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా విలువైనవే.

షుగరు ఉంది కాబట్టి శుక్లంతో పాటు రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే పొర కూడా చూపించుకోండి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా ఆశించినంత చూపు రాకపోవచ్చు. ఆ సంగతి ముందే తెలియడం మంచిది.

గుంటూరు చిన్నోడు
అక్కా, నా అభిప్రాయం వేరు. కుక్కను ఒక నెల డాగ్ హాస్టల్‌లో పెట్టేయండి. అత్తగారిని ఆడపడుచు ఇంటికి పంపి అక్కడే ఆపరేషన్ చేయించండి. ఈలోపు ఇల్లంతా ఒకేసారి తవ్వి పూర్తి చేయొచ్చు. ముక్కలు ముక్కలుగా చేస్తే కూలీ ఖర్చు రెండింతలు, చికాకు నాలుగింతలు. మా ఇంట్లో అలాగే చేశాం, అందరికీ సుఖంగా ఉంది.

బండల మేస్త్రీ కొడుకు
బేతంచెర్ల బండలు తీసేస్తారా? దయచేసి ఒక్కసారి ఆలోచించండి.

మా నాన్న ఈ పనే చేశారు. బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది, మీకు పక్కనే. అది సున్నపురాయి. పాత ఇళ్లలో వేసిన బండ మందంగా ఉంటుంది, ఎండాకాలంలో కాలికి చల్లగా ఉంటుంది, దశాబ్దాలు నడిచినా అరగదు. అన్నిటికన్నా ముఖ్యం, మరీ నున్నగా పాలిష్ చేయకపోతే దాని మీద కాలు ఆగుతుంది. మీ జిమ్మీ కింద బాగా నడిచి, మేడ మీద జారిపోవడానికి కారణం అదే.

బండల మధ్య సందులు నల్లబడి చూడ్డానికి బాగాలేవనుకుంటే పాత సిమెంటు గీకించి మళ్లీ సందులు పూడిపించండి. మురికి పోవడానికి మెషిన్ పెట్టి తేలిగ్గా రుద్దించండి, అద్దంలా పాలిష్ వద్దని ముందే చెప్పండి. ఒకటి గుర్తుంచుకోండి, ఈ బండ మీద యాసిడ్ వాడకూడదు. సున్నపురాయి కాబట్టి యాసిడ్ పడితే తినేస్తుంది, మచ్చలు పడి గరుకుగా అయిపోతుంది. నిమ్మరసం ఒలికినా వెంటనే తుడవాలి.

బెజవాడ ఇంటాయన
గ్లాసీ టైల్స్ గురించి ఒక మాట. మా పక్క ఫ్లాట్‌లో హాలంతా అవే వేయించారు. వాళ్లమ్మగారు తడిగుడ్డ పెట్టిన నేల మీద అడుగు వేసి జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆవిడ ఇప్పటికీ వాకర్‌తోనే నడుస్తున్నారు. నేల ఎలా ఉండాలన్నది ఆ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని చూసి నిర్ణయించాలని నా గట్టి నమ్మకం. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు, అత్తగారు ఒకరు, జిమ్మీ ఒకటి.

తప్పనిసరిగా టైల్స్ కావాలంటే మెరుపు లేని మ్యాట్ ఫినిష్ అడగండి. జారుడు రేటింగ్ ఆర్9, ఆర్10, ఆర్11 అని చెబుతారు. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. గదులకు ఆర్10, బాత్రూంకు ఆర్11 అడిగితే మంచిది. షాపులో చూసేటప్పుడు శాంపిల్ మీద నీళ్లు పోయించి, తడికాలితో నిలబడి చూడండి.

పశువుల డాక్టర్
నేను పశువైద్యుణ్ణి. జిమ్మీ గురించి రెండు మూడు సంగతులు చెప్పాలి.

ముందు ఆ నీలం కళ్లు. వయసు మళ్లిన కుక్కల్లో కంటి లెన్స్ మధ్యభాగం గట్టిపడి నీలం కలిసిన బూడిదరంగులో కనిపిస్తుంది. చాలావరకు అది శుక్లం కాదు, చూపు పెద్దగా పోదు, ఆపరేషన్ అక్కర్లేదు. అసలు శుక్లమైతే పాలలాగా తెల్లగా ఉంటుంది, కుక్క వస్తువులకు గుద్దుకుంటుంది. ఏదో తేల్చడానికి ఒకసారి చూపించండి. అత్తగారికి మాత్రం ఈ తేడా చెప్పి ధైర్యం చెప్పండి.

వెనక కాళ్లది కీళ్లవాతం లాగే ఉంది. లాబ్రడార్లలో తుంటి కీలు సమస్య చాలా మామూలు. బరువు తగ్గించడమే మొదటి మందు. పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే కత్తిరించండి, గోళ్లు నేలకు తగలకుండా తీయించండి. ఈ రెండింటితోనే జారడం కొంత తగ్గుతుంది. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా వెనక రబ్బరు ఉన్న మ్యాట్లు వరసగా పరవండి.

ఇది మాత్రం అందరూ చదవాలి. ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పి మాత్రలు ఉన్నాయి కదా అని సగం ముక్క కుక్కకు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. పారాసెటమాల్ కూడా మీ అంతట మీరు ఇవ్వకండి. కుక్కల కోసమే తయారైన నొప్పి మందులు ఉన్నాయి, రక్తపరీక్ష చేసి, బరువు చూసి మోతాదు రాస్తాం.

గుంటూరు తమ్ముడు చెప్పిన హాస్టల్‌కు ఈ వయసులో నేను ఒప్పుకోను. చూపు, వినికిడి తగ్గిన కుక్కకు ఇల్లు వాసనతోనూ అలవాటుతోనూ తెలుస్తుంది. కొత్తచోట పెడితే తిండి మానేసేవి చాలా చూశాను.

గుంటూరు చిన్నోడు
డాక్టరుగారూ, మరి తవ్వకం జరిగే ఇంట్లో ఉంచడం మంచిదా? బ్రేకర్ శబ్దానికి భయపడదా?

పశువుల డాక్టర్
మంచి ప్రశ్న. ఇంట్లోనే కానీ పని జరిగే చోట కాదు. మేడ మీద మరిదిగారి వాటాలో ఒక గది ఇప్పించుకుని దాని పాత పరుపు, దాని గిన్నె అక్కడ పెట్టండి, టైల్స్ మీద మ్యాట్లు వేయండి. మెట్లు ఎక్కించేటప్పుడు పొట్ట కింద నుంచి తువ్వాలు చుట్టి పైకి పట్టుకుంటే నడుము బరువు తగ్గుతుంది. పగలంతా పైనే ఉంచి, పనివాళ్లు వెళ్లాక కిందికి తెచ్చి దాని వాకిట్లో తిప్పండి.

పచ్చి సిమెంటు మీద మాత్రం అడుగు పెట్టనివ్వకండి. అది పాదాలను కాలుస్తుంది, ఆ పాదాలు నాకితే నోరు కూడా పుండవుతుంది. సిమెంటు గట్టిపడటానికి, అంటే క్యూరింగ్‌కు పెట్టిన నీళ్లు తాగకుండా చూడండి.

కర్నూలు కోడలు
అందరికీ చాలా థ్యాంక్స్. నీలం కళ్ల సంగతి మా అత్తగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఆషాఢంలో పని మొదలుపెట్టొద్దని మా అత్తగారు, శుక్లం ఇంకా ముదరాలి, పైగా చలికాలంలోనే చేయించాలి అని మా పెద్దత్త. ఇద్దరూ పెద్దవాళ్లు, కాదని నొప్పించలేను.

ఐ వార్డు సిస్టర్
చలికాలం మాట పాతరోజుల్లోది. అప్పుడు పెద్ద కోత, కుట్లు, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టడం ఉండేది. ఎండాకాలం చెమటకు, ఉక్కకు భయపడేవాళ్లు. ఇప్పుడు ఏ కాలంలోనైనా చేస్తారు. ముదరడం కూడా అంతే. బాగా ముదిరి గట్టిపడిన శుక్లాన్ని తీయడమే కష్టం. రోజువారీ పనులకు చూపు చాలకపోతే అదే చేయించుకునే సమయం. అలాగని ఒకటి రెండు నెలలు ఆగితే మామూలుగా ప్రమాదం ఉండదు, మీ డాక్టరు సరేనంటే చాలు. పెద్దత్తగారిని చెకప్‌కు తోడు తీసుకెళ్లండి, డాక్టరు నోటితో వింటే వేరుగా ఉంటుంది.

సైట్ ఇంజనీర్ బాబాయ్
ఆషాఢం వెళ్లాకే మొదలుపెట్టండమ్మా, పెద్దావిడ మనసు కూడా ముఖ్యమే. ఆ రోజుల్లో చేయాల్సింది చాలా ఉంది. టైల్స్, పైపులు, ట్యాపులు ముందే కొనిపెట్టుకోండి. కింద ఒకటే బాత్రూం అన్నారు కాబట్టి పనిరోజుల్లో అత్తగారికి ప్రత్యామ్నాయం చూడాలి, మేడ మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కలేరు కదా. ఆ రోజులకు ఆవిడ కూడా పైనే ఉండటం నయం.

పట్టుకునే స్టీలు రాడ్లు కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పెట్టించండి. ఎక్కడ రావాలో టైల్స్ వేయకముందే గోడ మీద గుర్తు పెట్టించండి, ఆ లోపలికి పైపులు రాకుండా ప్లంబర్‌కు చెప్పండి. రాడ్ మనిషి బరువు ఆపాలి, తువ్వాలు ఆరేసే రాడ్ దానికి పనికిరాదు. బాత్రూం గడప ఎత్తు తగ్గించండి. పాత ఇళ్లలో ఆ గడప తట్టుకునే పెద్దవాళ్లు పడతారు.

డల్లాస్ నుంచి
అక్కా, మా అమ్మకు నెల్లూరులో ఈ ఆపరేషన్ జరిగినప్పుడు నేను ఇక్కడి నుంచి వీడియోకాల్‌లోనే అన్నీ చూసుకున్నాను. చుక్కల మందుల దగ్గరే అందరూ తడబడతారు. రెండు మూడు సీసాలు ఇస్తారు, ఒకటి రోజుకు ఆరుసార్లు, ఒకటి నాలుగుసార్లు, వారం వారం మారుతుంది. మా తమ్ముడు పెద్ద కాగితం మీద గడులు గీసి ఫ్రిజ్‌కు అంటించాడు. వేసిన ప్రతిసారీ టిక్కు పెట్టి ఫొటో పంపేవాడు. సీసాల మూతలకు ఎర్ర దారం, పచ్చ దారం కట్టాడు, అమ్మకు పేర్లు చదవాల్సిన పని లేకుండా. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు గడవాలి, లేదంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

లెన్స్ గురించి కూడా ముందే మాట్లాడండి. మామూలు మోనోఫోకల్ లెన్స్ పెడితే దూరం స్పష్టంగా కనిపిస్తుంది, దగ్గరికి అద్దాలు కావాలి. అత్తగారు బియ్యం ఏరుకోవాలన్నా, పేపరు చదవాలన్నా అద్దాలు ఉంటాయని చెప్పి ఉంచండి. లేదంటే ఆపరేషన్ సరిగ్గా కాలేదని దిగులు పడతారు. మా అమ్మ అలాగే దిగులు పడింది.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి చూడండి. చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, కంటికి ఇంత అని పరిమితి కూడా ఉంటుంది.

విశాఖ మాస్టారు
మామగార్లు ఎవరైనా ప్రోస్టేట్ మందు వాడుతుంటే శుక్లం ఆపరేషన్‌కు ముందు తప్పకుండా చెప్పాలి. టామ్సులోసిన్ లాంటి మందు వాడేవాళ్లలో ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగ్గా నిలవదు. డాక్టరుకు ముందే తెలిస్తే దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. రక్తం పలచబడే మాత్రల సంగతీ అంతే, చెప్పాలి కానీ సొంతంగా ఆపకూడదు. ఈ చర్చ ఇంకొందరు చదువుతారని రాస్తున్నాను.

కర్నూలు కోడలు
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. పని, ఆసుపత్రి, రెండూ నడిచాయి.

హాలులో, గదుల్లో బండలు అలాగే ఉంచేశాం. మా ఆయనను ఒప్పించడానికి వాదించాల్సిన పని రాలేదు. మేడ మీద జిమ్మీ లేవబోయి కాళ్లు జారి పొట్ట మీద పడిపోయి మా ఆయన వైపు చూసింది. ఆయన కిందికి దిగి వచ్చి టైల్స్ షాపుకు ఫోన్ చేసి బాత్రూం సైజులు మాత్రమే చెప్పారు. బండల సందులు గీకించి కొత్తగా పూడిపించాం, ఇల్లు చాలా శుభ్రంగా కనిపిస్తోంది.

శ్రావణంలో పని మొదలైంది. పాత పైపు బయటికి తీస్తే జాయింట్ దగ్గర వేలు దూరేంత పగులు ఉంది, ఎన్నేళ్లుగా కారుతోందో. కోటింగ్ వేశాక బాబాయ్‌గారు చెప్పినట్టు నీళ్లు నిలబెట్టించాను. మేస్త్రీ మొదట అక్కర్లేదన్నాడు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీయించి మర్నాడు చూస్తే నీళ్లు గీత కింద ఉన్నాయి. ట్రాప్ పక్కన చిన్న సందు దొరికింది. మళ్లీ కోటింగ్, మళ్లీ నీళ్లు. రెండోసారి గీత దగ్గరే ఆగాయి. ఆ మేస్త్రీ ఇప్పుడు వేరే ఇంట్లో కూడా ఇలాగే చేస్తున్నానని ఫోన్ చేసి చెప్పాడు.

అంతా కడిగి, పరదాలు ఉతికి, ఫ్యాన్లు తుడిచాకే అత్తగారి ఆపరేషన్ పెట్టుకున్నాం. రెటీనా బాగుందన్నారు. మర్నాడు షీల్డు తీయగానే గోడ మీద క్యాలెండర్‌లో తిథి చదివారు. మామగారి ఫొటో దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డారు. ఇప్పుడు ఇంట్లో ఎక్కడ దుమ్ము ఉందో ఆవిడే చూపిస్తున్నారు.

జిమ్మీకి నొప్పి మందు మొదలైంది, బరువు కూడా కాస్త తగ్గింది. ఆపరేషన్ అయిన కొత్తలో అది అత్తగారి మొహం నాకకుండా చూడటమే కష్టమైంది. ఇద్దరిదీ ఒకే గది కదా. తలుపుకు పిల్లల గేటు అడ్డం పెడితే అవతలి పక్కనే పడుకుంది, ఇవతల ఆవిడ కుర్చీ వేసుకున్నారు.

సిస్టర్ గారూ, రెండో కన్ను ఎప్పుడు చేయించవచ్చు? ఆవిడే తొందర పెడుతున్నారు.

ఐ వార్డు సిస్టర్
చాలా సంతోషం అమ్మా. మొదటి కన్ను మాని, చూపు కుదురుకున్నాక డాక్టరు తేదీ ఇస్తారు, మామూలుగా కొన్ని వారాల తేడాతో చేస్తారు. దగ్గరి అద్దాలు ఇప్పుడే చేయించకండి, రెండో కన్ను కూడా అయ్యాక పవర్ చూసి ఒకేసారి తీసుకుంటే డబ్బు కలిసొస్తుంది. వెళ్లే ముందు షుగరు పరీక్ష మళ్లీ చేయించి ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. ఆ పిల్లల గేటు తీసేయకండి, ఇంకోసారి పనికొస్తుంది.

కర్నూలు కోడలు
అలాగే సిస్టర్. షుగరు పరీక్షకు సోమవారం పొద్దున వెళ్తున్నాం.